పొద్దు పడమట పొడిచే ఊళ్లు

రాత్రి బస్సెక్కి, దారంతా నిద్రపోయి, తెల్లవారుజామున ఎప్పుడూ చూడని ఊళ్లో దిగినవాళ్లకు ఈ ఇబ్బంది తెలిసే ఉంటుంది. బస్టాండు బయట టీ తాగుతుంటే సూర్యుడు పైకి వస్తాడు, అదీ పడమర అనుకున్న వైపు నుంచి. ‘ఈ ఊళ్లో నాకు దిక్కులు తిరిగిపోయాయి’ అంటారు. విచిత్రం ఏమిటంటే, తప్పు తెలిశాక కూడా అది సర్దుకోదు. సూర్యుడు కళ్లెదుటే ఉన్నాడు, అదే తూర్పని బుద్ధికి తెలుసు. అయినా లోపల ఇంకేదో ‘కాదు, అది పడమరే’ అని మొండికేస్తుంది. కొందరికి ఆ ఊరు పదేళ్ల తర్వాత వెళ్లినా తిరగేసినట్టే ఉంటుంది.

ఫోన్లోని జీపీఎస్‌కు ఈ బాధ లేదు. ఏ క్షణాన అడిగినా ఉపగ్రహాల సంకేతాలను బట్టి ఉన్న చోటు చెప్పేస్తుంది. నిన్న ఎక్కడుందో, ఇక్కడికి ఎటు నుంచి వచ్చిందో దానికి అక్కర్లేదు. 2014లో జాన్ ఓకీఫ్‌కూ, మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్‌లకూ వైద్యశాస్త్ర నోబెల్ ప్రకటించినప్పుడు, వాళ్లు కనిపెట్టింది ‘మెదడులోని జీపీఎస్’ అని నోబెల్ ప్రకటనలోనే రాశారు. పత్రికలు ఆ మాటనే పట్టుకున్నాయి. వినడానికి బాగుంది కానీ ఆ పోలిక తప్పుదారి పట్టిస్తుంది. తలలోకి ఏ ఉపగ్రహమూ కబురు పంపదు. మెదడు చేసేది పాతకాలపు పడవవాళ్లు చేసిన పని: ఎక్కడ బయల్దేరాం, ఎటు తిరిగాం, ఎంత దూరం వచ్చాం అని లెక్క వేసుకుంటూ పోవడం, మధ్యమధ్య ఒడ్డున గుడో కొండో కనబడితే ఆ లెక్కను దిద్దుకోవడం. పైగా ఈ లెక్కలన్నీ ఒకే చోట జరగవు. దిక్కు లెక్క ఒకరిది, దూరం లెక్క ఒకరిది, ‘ఇది ఫలానా చోటు’ అనే గుర్తింపు ఇంకొకరిది. అందరూ ఒక్క మాట మీద ఉన్నంతసేపు తలలో ఒకే పటం ఉన్నట్టు అనిపిస్తుంది. దిక్కులు తిరిగిన ఊళ్లో ఆ అతుకు బయటపడుతుంది.

ముందు దిక్కు సంగతి చూద్దాం. 1984లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జేమ్స్ ర్యాంక్ అనే శాస్త్రవేత్త ఎలుక మెదడులో సన్నటి తీగలు పెట్టి నాడీకణాల చప్పుడు వింటున్నాడు. ఈ రంగంలో ఇది నిజంగానే వినడం. కణం విద్యుత్ సంకేతం పంపిన ప్రతిసారీ స్పీకర్లో టిక్కుమంటుంది. ఒక కణం ఎలుక తల ఒకానొక వైపు తిరిగినప్పుడు మాత్రమే టకటకలాడింది. ఎలుక పెట్టెలో ఏ మూలనున్నా, నడుస్తున్నా, ఆగినా దానికి పట్టలేదు. తల అటు తిరిగితే చాలు. పక్క కణానికి వేరే దిక్కు, దాని పక్కదానికి మరో దిక్కు. జెఫ్రీ టౌబ్, రాబర్ట్ ముల్లర్‌లతో కలిసి ర్యాంక్ 1990లో ఈ దిశ కణాల గురించి వివరంగా ప్రచురించాడు.

వీటిని దిక్సూచి అనేయాలనిపిస్తుంది. దిక్సూచి ముల్లు భూమి అయస్కాంతానికి లొంగుతుంది, ఈ కణాలు లొంగేది కంటికి కనిపించే గుర్తుకు. గుండ్రటి పెద్ద డబ్బా లాంటి దాంట్లో, గోడకు ఒక తెల్ల అట్ట అంటించి ఎలుకను తిరగనిచ్చారు. తర్వాత దాన్ని బయటికి తీసి, అట్టను 90 డిగ్రీలు జరిపి మళ్లీ వదిలారు. కణాల దిక్కులు కూడా దాదాపు అంతే జరిగాయి, అదీ అన్నీ కలిసికట్టుగా. అంటే ఆ ఎలుకకు ఉత్తరం ఎటో చెప్పేది ఆ అట్ట ముక్క. దీపాలు ఆర్పేస్తే కాసేపు పాత దిక్కునే పట్టుకుని ఉంటాయి, తర్వాత మెల్లగా పక్కకు జారిపోతాయి.

కణాలన్నీ ఒక్కసారిగా ఎలా తిరుగుతాయన్న దానికి 1990లలో కొందరు ఒక ఊహ చేశారు. దిశ కణాలను గుండ్రంగా కూర్చోబెట్టినట్టు అనుకుందాం. ప్రతి కణం తన పక్కనున్నవాటిని ఉసిగొల్పుతుంది, ఎదుటి వైపు వాటిని నొక్కేస్తుంది. అప్పుడు వలయం మొత్తంలో ఒక్క చోటే సందడి నిలుస్తుంది, తల తిరిగినప్పుడు ఆ సందడి వలయం వెంట జరుగుతుంది. చాలా ఏళ్లు ఇది కాగితం మీది లెక్కే. 2015లో అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రంలో యోహానెస్ సీలిగ్, వివేక్ జయరామన్ కలిసి, అరటిపండ్ల మీద ముసిరే ఆ చిన్న ఈగల మెదడులోకి సూక్ష్మదర్శినితో చూశారు. ఈగను కదలకుండా పట్టి, కాళ్ల కింద బంతి పెట్టి నడిపిస్తే, దాని మెదడు మధ్యలో ఉన్న వలయాకారపు భాగంలో ఒక వెలుగు మచ్చ కనిపించింది. ఈగ తిరిగితే మచ్చ తిరిగింది. చీకట్లోనూ తిరిగింది. ఎలుకలో కణాలు అలా గుండ్రంగా పేర్చి ఉండవు, వలయం లెక్కలోనే ఉంటుంది. ఈగలో మాత్రం లెక్క గీసిన బొమ్మ అచ్చంగా కణజాలంలో ఉంది. సిద్ధాంతం రాసుకున్నవాళ్లకు ఇంత అదృష్టం అరుదు.

ఇప్పుడు బస్టాండుకు తిరిగొద్దాం. మనిషి మెలకువగా ప్రయాణం చేస్తే బస్సు తిరిగిన ప్రతి మలుపునూ ఈ వలయం లెక్కలోకి తీసుకుంటుంది. నిద్రలో ఆ లెక్క తెగిపోతుంది. దిగిన చోట మొదట కంటబడిన గుర్తుకు, అది బస్టాండు గేటో ఎదురుగా ఉన్న లాడ్జి బోర్డో, వలయం ఏదో ఒక దిక్కును ముడి వేసేస్తుంది. ఆ ముడి తప్పు పడితే దిక్కులన్నీ ఒక్కటిగా తిరుగుతాయి, ఎందుకంటే వలయంలో ఒక్కదాన్ని తిప్పి మిగతావాటిని ఉంచడం కుదరదు. దిక్కులు తిరిగిన ఊళ్లో తూర్పు ఒక్కటే తప్పడం ఉండదు, నాలుగూ కలిసే తప్పుతాయి. బస్టాండులో దిగిన మనిషి తలలో తీగలు పెట్టి ఎవరూ చూడలేదు కాబట్టి ఇది ఎలుకల నుంచి చేసుకున్న ఊహే. కానీ ఊహ అనుభవానికి చక్కగా అతుకుతుంది. సూర్యుణ్ని చూసి తెలుసుకున్న జ్ఞానం వలయం దాకా ఎందుకు చేరదో కూడా అర్థమవుతుంది. వలయానికి లాడ్జి బోర్డు ముఖ్యం, పుస్తకంలో చదివిన తూర్పు ముఖ్యం కాదు.

దిక్కు తెలిస్తే సరిపోదు, ఉన్న చోటు కూడా తెలియాలి. దీని కథ దిశ కణాల కంటే ముందే మొదలైంది. 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ టోల్మన్, ఎలుకలు దారిని ‘ఇక్కడ ఎడమ, అక్కడ కుడి’ అని వరస కంఠస్థం చేయడం లేదనీ, వాటి తలలో ప్రదేశం తాలూకు పటం లాంటిది ఉందనీ వాదించాడు. అలవాటైన దారి మూసేస్తే, ఎప్పుడూ తొక్కని దారుల్లోంచి తిండి ఉన్న వైపు పోయేదాన్ని చాలా ఎలుకలు ఎంచుకున్నాయన్నది ఆయన ఆధారం. ఆ రోజుల్లో మనస్తత్వ శాస్త్రంలో ‘తలలో పటం’ అనడం దాదాపు మూఢనమ్మకంతో సమానం. పటం ఎక్కడుందో చూపించమంటే చూపించడానికి టోల్మన్ దగ్గర ఏమీ లేదు.

చూపించినవాడు ఓకీఫ్. న్యూయార్క్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ ఈయన 1971లో జొనథన్ దోస్త్రోవ్‌స్కీతో కలిసి ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. ఎలుక మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో 76 కణాల చప్పుడు వింటే వాటిలో 8 కణాలు ఎలుక బల్ల మీద ఒకానొక చోటికి వచ్చినప్పుడే గట్టిగా పలికాయి. 76లో 8 అంటే చాలామంది నవ్వి ఊరుకున్నారు. వాసన వల్లో తాకిడి వల్లో అయ్యుంటుందన్నారు. తర్వాతి ఏళ్లలో ఓకీఫ్ గుర్తులను ఒకటొకటిగా తీసేసి చూశాడు. కొన్ని తీసేసినా కణం తన చోటును వదల్లేదు. వీటికే స్థాన కణాలని పేరు. 2003లో మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న రోగులు కంప్యూటర్ గేములో ఊరు తిరుగుతుంటే, మనుషుల్లోనూ ఇలాంటి కణాలు దొరికాయి.

పటం అనే మాట ఇక్కడే మోసం చేస్తుంది. పటంలో విజయవాడ పక్కన గుంటూరు ఉంటుంది. హిప్పోక్యాంపస్‌లో పక్కపక్క కణాలు పక్కపక్క చోట్లకు చెందవు. ఒకటి గది ఈ మూలకు పలికితే దాన్ని ఆనుకున్నది ఆ చివరకు పలకొచ్చు, లేదా ఈ గదిలో అసలు నోరెత్తకపోవచ్చు. ఇంకో గదిలోకి తీసుకెళితే పాత్రలన్నీ మారిపోతాయి. 1987లో రాబర్ట్ ముల్లర్, జాన్ క్యూబీ దీన్ని స్పష్టంగా చూపించారు. సురభి వాళ్ల నాటకాలను తలుచుకుంటే ఇది సులువుగా తెలుస్తుంది. నటులు వాళ్లే, నిన్న కృష్ణుడైనవాడు ఇవాళ నారదుడు, నిన్న పద్యం అందుకున్నవాడు ఇవాళ తెర వెనక తాడు లాగుతుంటాడు. ఎవరెవరు ఏ వేషంలో ఉన్నారో చూస్తే ఏ నాటకమో తెలిసిపోతుంది. ఏ కణాలు కలిసి పలుకుతున్నాయో చూస్తే ఎలుక ఏ గదిలో, గదిలో ఎక్కడ ఉందో అలాగే తెలుస్తుంది. బొమ్మ గీసి గోడకు తగిలించిన పటం లోపల ఎక్కడా లేదు.

ఈ నాటకం పగలు ఒక్కసారి ఆడి ఆగదు. 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ నిద్రపోతున్న ఎలుకల్ని గమనించారు. పగలు ఏ కణాలు కలిసి పలికాయో నిద్రలోనూ అవే కలిసి పలుకుతున్నాయి. తర్వాతి పరిశోధనల్లో వరస కూడా అదేననీ, కాకపోతే చాలా వేగంగా నడుస్తుందనీ తేలింది. 2006లో ఇంకో వింత. తిండి దగ్గరికి చేరి ఆగిన ఎలుక, మెలకువగా ఉండగానే, వచ్చిన దారిని చివరి నుంచి మొదటికి తలలో తిప్పుకుంటోంది. ఇల్లు చేరాక ‘ఇంతకీ ఎటు నుంచి వచ్చాం?’ అనుకోవడం లాంటిదని పోల్చాలనిపిస్తుంది కానీ, ఎలుక ఏమనుకుంటోందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

స్థాన కణాలకు సమాచారం ఎక్కడి నుంచి వస్తోంది? ఈ ప్రశ్నతోనే నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో మోసర్‌లు హిప్పోక్యాంపస్‌కు ఒక అడుగు ముందున్న ఎంటోరైనల్ కార్టెక్స్ అనే భాగంలో వెతికారు. అక్కడి కణం గదిలో ఒక్క చోట కాక చాలాచోట్ల పలికింది. మొదట అది గందరగోళంగా కనిపించింది. ఎలుక తిరగడానికి ఇంకా పెద్ద జాగా ఇచ్చి చూస్తే 2005కల్లా బొమ్మ తేటపడింది. కణం పలికిన చోట్లన్నీ సమాన దూరాల్లో, త్రిభుజాలుగా, ఒక్కో చోటు చుట్టూ ఆరు చోట్ల చొప్పున ఉన్నాయి. వీటికే గ్రిడ్ కణాలని పేరు.

తెలుగువాళ్లకు ఈ బొమ్మను వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతి నెలలో వాకిట్లో పెట్టే సందు చుక్కల ముగ్గే ఇది. ఎదురు చుక్కల్లో చుక్క కింద చుక్క వస్తుంది, గళ్లు పడతాయి. సందు చుక్కల్లో పై వరుసలోని రెండు చుక్కల మధ్య ఖాళీకి ఎదురుగా కింది చుక్క పడుతుంది. ‘15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క’ అని పెడితే ఆరు పలకల ఆకారం వస్తుంది. గ్రిడ్ కణం గది నేల మీద పెట్టేది ఈ సందు చుక్కలే. తేడా ఒక్కటి: ఆ చుక్కలు నేల మీద ఎక్కడా లేవు. చదునైన ఖాళీ నేల మీద, చీకట్లో కూడా, ఎలుక నడుస్తూ ఉంటే కణం సరిగ్గా చుక్క పడాల్సిన చోట పలుకుతుంది. బయటి ప్రపంచంలో ఆరు పలకలవి ఏమీ లేకపోయినా మెదడు తనకు తానుగా ఈ కొలబద్దను తయారు చేసుకుంటోంది. ఈ రంగంలో దొరికిన అన్నింటిలోకీ ఆశ్చర్యకరమైనది ఇదే అంటే అతిశయోక్తి కాదు. వాసనకో వెలుగుకో స్పందించడం వేరు, లేని జ్యామితిని నేల మీద పరచడం వేరు.

ఒక గ్రిడ్ కణం పలికితే ‘ఏదో ఒక చుక్క మీద ఉన్నాం’ అని తెలుస్తుంది, ఏ చుక్కో తెలియదు. అందుకే చుక్కల మధ్య ఎడం వేర్వేరుగా ఉన్న గుంపులు ఉన్నాయి. ఒక గుంపు నుంచి తర్వాతి గుంపుకు ఎడం సగటున 1.4 రెట్లు పెరుగుతుందని 2012లో తేలింది. గడియారంలో పెద్ద ముల్లు ఒక్కటే చూస్తే గంట తెలియదు, చిన్న ముల్లు ఒక్కటే చూస్తే నిమిషం సరిగా తెలియదు, రెండూ కలిపితే సమయం తెలుస్తుంది. ఎడం తక్కువున్న ముగ్గు, ఎక్కువున్న ముగ్గు ఒకదాని మీద ఒకటి పరిస్తే అలాగే చోటు తేలుతుంది. గ్రిడ్ కణాల నుంచే స్థాన కణాలు పుడతాయని కొంతకాలం అందరూ గట్టిగా నమ్మారు. 2010లో ఎలుక పిల్లల్ని చూసినవాళ్లు ఆ నమ్మకాన్ని కదిలించారు. పిల్లల్లో ముందు దిశ కణాలు సిద్ధమవుతాయి, తర్వాత స్థాన కణాలు కనబడతాయి, గ్రిడ్ కణాలు కుదురుకునేది ఆ తర్వాతే. బిడ్డ తల్లి కంటే ముందు పుట్టదు కదా. ఒకదానికొకటి సాయపడతాయని మాత్రం ఇప్పుడు చెప్పగలం. చదరంగా ఉండే పెట్టె తీసేసి ఒక వైపు ఇరుకుగా ఉండే పెట్టెలో వదిలితే చుక్కల వరుసలు వంకర పోతాయి కూడా. అది గ్రాఫు కాగితం అంత బిగుసుకున్నది కాదు.

చీకట్లో కూడా చుక్క సరిగ్గా పడుతోందంటే మెదడు అడుగుల్ని లెక్కబెడుతోందని అర్థం. ఈ లెక్కకు అన్నింటికంటే ముచ్చటైన సాక్ష్యం ఎలుకది కాదు, సహారా ఎడారి చీమది. తిండి కోసం ఇసుకలో అడ్డదిడ్డంగా తిరిగిన చీమ, తిండి దొరకగానే పుట్ట వైపు తిన్నగా వెనక్కి వస్తుంది. దిక్కు ఆకాశాన్ని బట్టి తెలుసుకుంటుంది. మరి దూరం? 2006లో మాథియాస్ విట్లింగర్, రూడిగర్ వేనర్, హరాల్డ్ వోల్ఫ్ ఒక చిలిపి ప్రయోగం చేశారు. పుట్ట నుంచి 10 మీటర్లు నడిచి తిండి దగ్గరికి వచ్చిన చీమల్లో కొన్నిటి కాళ్లకు పంది వెంట్రుకలు అతికించి పొడుగు చేశారు, కొన్నిటి కాళ్లు కత్తిరించి పొట్టి చేశారు. పొడుగు కాళ్ల చీమలు పుట్ట దాటి సుమారు 15 మీటర్ల దాకా పోయి అక్కడ వెతకడం మొదలుపెట్టాయి. పొట్టి కాళ్లవి 6 మీటర్ల లోపే ఆగి వెతుక్కున్నాయి. అడుగుల లెక్క తప్పలేదు, అడుగు కొలతే మారింది.

అడుగుల లెక్కకు ఒక జబ్బు ఉంది. ప్రతి అడుగులో ఆవగింజంత తప్పు దొర్లినా, అవి కూడుకుంటూ పోతాయి. మనుషులు ఇందులో బాగా వెనకబడ్డవాళ్లు. 2009లో యాన్ సౌమన్ బృందం కొందరిని జర్మనీలో ఒక అడవిలోనూ, ట్యునీషియాలో ఎడారిలోనూ తిన్నగా నడవమంది. సూర్యుడు కనబడినప్పుడు చాలావరకు తిన్నగానే నడిచారు. మబ్బు పట్టిన రోజున అడవిలోకి వెళ్లినవాళ్లు గుండ్రంగా తిరిగి, తమ దారినే తామే దాటుకుంటూ, ఆ సంగతి గమనించుకోలేదు. కళ్లకు గంతలు కట్టినవాళ్లు కొన్నిసార్లు 20 మీటర్ల వెడల్పు కూడా లేని చుట్టు చుట్టారు. అడవిలో దారి తప్పినవాళ్లు తిరిగిన చోటే తిరుగుతారని పెద్దవాళ్లు చెప్పే మాట కట్టుకథేమీ కాదు.

ఈ తప్పును దిద్దేది సరిహద్దు. గోడ దగ్గరికి, అంచు దగ్గరికి వచ్చినప్పుడే పలికే కణాలను 2008లో మోసర్‌ల ప్రయోగశాలలోనే గుర్తించారు. 2015లో కియా హార్డ్‌కాజిల్, సూర్య గంగూలీ, లీసా జొకోమో చూపించింది ఇంకా ఆసక్తికరం: ఎలుక గోడను తాకి ఎంతసేపైతే గ్రిడ్ కణాల లెక్క అంతగా చెదిరిపోతూ ఉంటుంది, గోడ తగలగానే మళ్లీ కుదుటపడుతుంది. రాత్రి కరెంటు పోతే కొవ్వొత్తి కోసం లేచినవాళ్లు చెయ్యి చాపి ముందు గోడ వెతుక్కుంటారు. గోడ తగలగానే ధైర్యం వస్తుంది. అది దెబ్బ తగలదన్న ధైర్యం ఒక్కటే అయ్యుండదు.

ఇదంతా పటం లాంటి పని. పటం అక్కర్లేని దారి కూడా ఒకటుంది, రోజువారీ జీవితంలో ఎక్కువ వాడేది అదే. ఇల్లు మారిన కొత్తల్లో ఆఫీసు నుంచి బయల్దేరిన బండి తనంతట తానే పాత ఇంటి వైపు తిరగడం చాలామందికి అనుభవమే. 1996లో మార్క్ ప్యాకార్డ్, జేమ్స్ మెక్‌గా దీని గుట్టు విప్పారు. కూడలి లాంటి దారుల్లో ఎలుకకు ఒక వైపు తిండి అలవాటు చేసి, తర్వాత ఎదుటి వైపు నుంచి వదిలారు. 8 రోజుల శిక్షణ తర్వాత చాలా ఎలుకలు తిండి ఉన్న చోటికే పోయాయి. 16 రోజుల తర్వాత మాత్రం, చోటు ఎక్కడైనా, అలవాటైన చేతి వైపే తిరిగాయి. ఆ దశలో మెదడు లోపల స్ట్రయేటమ్ అనే చోట ఉన్న కాడేట్ భాగాన్ని మత్తుమందుతో కాసేపు పడుకోబెడితే, అవే ఎలుకలు మళ్లీ చోటును బట్టి పోయాయి. అంటే పటం చెరిగిపోలేదు. అలవాటు దాన్ని పక్కకు నెట్టి ముందు సీట్లో కూర్చుంది.

పటాన్ని పదేపదే వాడితే ఏమవుతుందో లండన్ టాక్సీ డ్రైవర్ల మీద జరిగిన పరిశోధన చెబుతుంది. అక్కడ లైసెన్సు కావాలంటే చారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలోని 25,000 వీధుల దాకా నోటికి రావాలి. చదవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. 2000లో ఎలినర్ మగ్వైర్ బృందం 16 మంది డ్రైవర్ల మెదళ్లను స్కాన్ చేస్తే హిప్పోక్యాంపస్ వెనక భాగం మిగతావాళ్ల కంటే పెద్దగా, ముందు భాగం చిన్నగా కనిపించింది. పుట్టుకతోనే అలా ఉన్నవాళ్లే టాక్సీ ఎక్కారేమో అన్న సందేహం న్యాయమైనదే. అందుకని చదువు మొదలుపెట్టిన 79 మందిని ఏళ్ల తరబడి వెంబడించి 2011లో ఫలితాలు ఇచ్చారు. మొదట్లో అందరూ ఒకేలా ఉన్నారు. పరీక్ష నెగ్గిన 39 మందిలోనే వెనక భాగం పెరిగింది. దీన్ని మెచ్చుకునేవాళ్లు మర్చిపోయే సంగతి ఒకటుంది. ఆ డ్రైవర్లు కొత్త బొమ్మను చూసి కాసేపయ్యాక జ్ఞాపకం నుంచి గీయడం లాంటి పరీక్షల్లో ఇతరుల కంటే వెనకబడ్డారు. ఒక చోట పెరిగితే ఒక చోట తరిగింది.

ఫోన్ చెప్పే దారిలో పోతే హిప్పోక్యాంపస్ పాడైపోతుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు అంత ఆధారం లేదు. ఆధారం ఉన్నది ఇంతకంటే చిన్న మాటకు. 2017లో లండన్ సోహో వీధుల్లో దారి వెతికే పని 24 మందికి స్కానర్లో పెట్టారు. సొంతంగా దారి ఎంచుకుంటున్నప్పుడు కొత్త వీధి మలుపు వచ్చిన ప్రతిసారీ, ముందున్న దారుల సంఖ్యను బట్టి హిప్పోక్యాంపస్‌లో కదలిక వచ్చింది. యంత్రం దారి చెబుతున్నప్పుడు ఆ కదలిక రాలేదు. పాడైపోవడం వేరు, పని లేక కూర్చోవడం వేరు. 2022లో మరో పెద్ద అధ్యయనం వచ్చింది. మతిమరుపు వ్యాధి పరిశోధన కోసం తయారు చేసిన మొబైల్ గేమును 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మంది ఆడిన తీరును పోల్చారు. పల్లెల్లో పెరిగినవాళ్లు సగటున మెరుగ్గా దారి కనిపెట్టారు. గళ్ల నుడికట్టులా తిన్నటి వీధులున్న నగరాల్లో పెరిగినవాళ్లు బాగా వెనకబడ్డారు, వంకర వీధుల నగరాలవాళ్లు అంతగా కాదు.

పల్లె మాట వచ్చింది కాబట్టి భాష గురించి కూడా. తెలుగు పల్లెల్లో పాతకాలం మనిషిని దారి అడిగితే ‘ఉత్తరంగా పోయి, చెరువు దాటాక తూర్పుకు తిరుగు’ అంటాడు. నగరంలో అయితే ‘పెట్రోల్ బంకు దాటాక లెఫ్ట్’. ఇది మాట తీరు ఒక్కటేనా, ఆలోచన కూడానా అన్నది 1990లలో ఎరిక్ పెడర్సన్ తమిళనాడులో పరీక్షించాడు. పల్లె తమిళులు దిక్కులతో మాట్లాడేవాళ్లు, పట్నం తమిళులు కుడి ఎడమలతో. బల్ల మీద వస్తువుల్ని చూపించి, మనిషిని వెనక్కి తిప్పి వేరే బల్ల మీద అలాగే పేర్చమంటే, దిక్కులవాళ్లలో ఎక్కువమంది దిక్కుల ప్రకారం, కుడి ఎడమలవాళ్లలో ఎక్కువమంది కుడి ఎడమల ప్రకారం పేర్చారు. భాష ఒకటే, చోటును తలలో పెట్టుకునే పద్ధతులు రెండు.

గదిలో, వీధిలో ఇంత పకడ్బందీగా ఉన్న లెక్క, రాష్ట్రాలంత పెద్ద చోటుకు వచ్చేసరికి ఎంత నాసిగా ఉంటుందో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. భద్రాచలం చెన్నైకి తూర్పున ఉందా, పడమరనా? చాలామంది క్షణం ఆలోచించకుండా పడమర అంటారు. చెన్నై తూర్పు తీరంలో సముద్రాన్ని ఆనుకుని ఉంది, భద్రాచలం తెలంగాణలో అడవుల మధ్య ఉంది కాబట్టి. నిజానికి భద్రాచలమే తూర్పున ఉంది. చెన్నై రేఖాంశం 80.3 డిగ్రీలు, భద్రాచలానిది 80.9. తీరం ఈశాన్యానికి వాలుగా పోతుందన్న సంగతి తలలోని పటంలో నిఠారుగా సర్దుకుపోయింది. 1978లో ఆల్బర్ట్ స్టీవెన్స్, పాటీ కూప్ అమెరికన్లను ఇలాగే కాలిఫోర్నియాలోని శాండియాగో, దానికి తూర్పున ఉన్న నెవాడా రాష్ట్రంలోని రీనో నగరాల గురించి అడిగితే ఎక్కువమంది ఇదే తప్పు చేశారు, నిజానికి శాండియాగోయే తూర్పున ఉంది. ఊళ్లను విడివిడిగా కాక రాష్ట్రం సంచిలో వేసి గుర్తుపెట్టుకుంటాం, సంచి ఎటుంటే ఊరూ అటే అనుకుంటాం. నడిచి తెలుసుకున్న చోటుకు ఒక లెక్క, చదివి విని తెలుసుకున్న చోటుకు ఇంకో లెక్క.

ఈ కణాల సంగతి ఆసుపత్రి దాకా వచ్చేది వృద్ధాప్యంలో. అల్జైమర్స్ వ్యాధి ఏ క్రమంలో మెదడును కమ్ముకుంటుందో 1991లో హైకో బ్రాక్, ఎవా బ్రాక్ వరసగా గుర్తించారు. అది మొదట దెబ్బతీసే చోట్లలో గ్రిడ్ కణాలుండే ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి, తర్వాత హిప్పోక్యాంపస్. పేర్లు మర్చిపోవడాన్ని ఇంట్లోవాళ్లు వయసు మీద నెట్టేస్తారు కానీ, ముప్ఫై ఏళ్లుగా వెళ్లొస్తున్న కూరల మార్కెట్ నుంచి ఇంటికి దారి తెలియకపోవడం ఈ వ్యాధిలో తొందరగానే కనిపించే లక్షణం.

కానీ పాత చోట్ల కథ వేరు. పొడి అక్షరాల్లో ఈపీ అని పిలిచే ఒక అమెరికన్‌కు 1992లో మెదడు వాపు వచ్చి రెండు వైపులా హిప్పోక్యాంపస్ నాశనమైంది. ఎడ్మండ్ టెంగ్, ల్యారీ స్క్వైర్ 1999లో ఆయన్ను పరీక్షించారు. కాలిఫోర్నియాలో తాను పెరిగి, వయసులోనే వదిలి వెళ్లిపోయిన ప్రాంతం గురించి అడిగితే ఏ ఇంటి నుంచి ఏ దుకాణానికి ఎలా వెళ్లాలో చెప్పాడు. పెద్ద వీధి మూసేశారనుకోమంటే వేరే దారి చెప్పాడు. ఫలానా చోట నిల్చుంటే ఫలానా కట్టడం ఎటుంటుందో వేలెత్తి చూపాడు. అదే ప్రాంతంలో పెరిగి వెళ్లిపోయిన ఆరోగ్యవంతులకు ఆయన ఏమాత్రం తీసిపోలేదు. జబ్బు చేశాక మారిన ఇంటి చుట్టూ ఉన్న వీధుల గురించి అడిగితే ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాడు.